పదకొండు మెతుకులు

శనివారమైతే చాలు, కొలాప్ మధ్యాహ్నం పన్నెండుకే ఎండుచేపల కొట్టు కట్టేస్తుంది. ఒరుస్సే బజారులో మిగతావాళ్ళంతా సాయంత్రం దాకా బేరాలాడుకుంటూ ఉంటే, ఈవిడ చేపల మీద గోనెపట్టా కప్పి, పక్క కొట్టావిడ వైపు వేలు చూపించి "తలలు లెక్కపెట్టుకునే వెళ్తున్నా" అని బెదిరిస్తుంది. ఆ పక్క కొట్టావిడ ముప్ఫై ఏళ్ళలో ఒక్క చేపని ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా కొలాప్ లెక్కపెట్టడం మానలేదు. ఆవిడ అనుమానానికి కారణాలు అక్కర్లేదు, దానంతటది నడిచిపోతూ ఉంటుంది. చేతులు నిమ్మచెక్కతో తోముకుని, ఉతికిన తెల్లరవిక తొడుక్కుని, మెడలో గళ్ళ కండువా వేసుకుని, ఆటో ఎక్కి విశ్వవిద్యాలయానికి బయల్దేరుతుంది.

అక్కడ రెండో అంతస్తు హాల్లో ప్రతి శనివారం సభ ఉంటుంది. ఎవరైనా వచ్చి వినొచ్చు. ఒక వారం వేళ్ళు వెనక్కి వంచి ఆడే నాట్యం, ఒక వారం తోలుబొమ్మలు, ఇంకో వారం పెళ్ళి పాటలు. ఒకప్పుడు దేశాన్ని చేజిక్కించుకున్న ముఠా చంపేసినవాళ్ళతోపాటు పోయిన విద్యలు ఏ ముసలివాళ్ళ ఒంట్లో ఇంకా మిగిలున్నాయో వెతికి పైకి తీసే సభలవి. వాటిని నడిపే కనిత అక్కడ పాఠాలు చెబుతుంది, ముప్ఫై ఐదేళ్ళుంటాయి, ఎవరినైనా ఇట్టే నమ్మేస్తుంది. అందుకే ఆవిడకి కొలాప్ కావాలి.

ఎందుకంటే అక్కడో పద్ధతుంది. వేదిక ఎక్కే ముసలి కళాకారులు ముందు తమ పేరు, గురువు పేరు, ఆ ముఠా ఏలిన మూడేళ్ళ ఎనిమిది నెలల ఇరవై రోజులకి ముందు తామున్న బృందం పేరు చెప్పాలి. అప్పుడు హాల్లోంచి, ఆనాడు వాళ్ళని ఎరిగినవాళ్ళొకరు లేచి "తెలుసు" అనాలి. కాగితాలన్నీ తగలబడిపోయాయి, సగంమంది పేర్లు మార్చుకుని బతికారు, ఇంతకంటే దారి లేదు. తెలుసు అన్న మాట రికార్డయితే ఆ మనిషికి నేర్పడానికి గది ఇస్తారు, నేర్చుకోడానికి పిల్లల్ని ఇస్తారు, ఆయన చెప్పిందే ఇకమీదట చరిత్ర. మూడో వరసలో కూచునే కొలాప్ నోటి నుంచి ఈ ఆరేళ్ళలో తెలుసు అన్న మాట నాలుగుసార్లే వచ్చింది. తెలియదు అన్నవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఒకప్పుడు కొలాప్ కూడా పాటగత్తే. ఆయాయ్ పాడేది. ఆడామగా ఎదురెదురుగా నిలబడి, అప్పటికప్పుడు అల్లిన చరణాలతో ఒకరినొకరు దెప్పుకునే పాట అది. మగవాడు చరణం విసిరి ఊపిరి తీసుకునేలోగా ఆడది తిప్పికొట్టాలి, లేకపోతే జనం ఈలలేస్తారు. పంతొమ్మిదేళ్ళప్పుడు కొలాప్‌కి జోడీగా యిన్ సారున్ పాడేవాడు. వాళ్ళిద్దరి మాటకి మాట వినడానికి జనం పడవలేసుకుని వచ్చేవాళ్ళు. తర్వాత అన్నీ పోయాయి. సారున్ పోయాడు. కొలాప్ చేపలమ్మింది, పెళ్ళి చేసుకుంది, ఇద్దర్ని కంది, మొగుణ్ణి సాగనంపింది. కానీ మళ్ళీ పాడలేదు. కనిత అడిగినప్పుడల్లా "ఒంటిచేత్తో చప్పట్లు కొట్టమంటావేమిటే" అని కసిరేది.

అది పెద్దల పక్షం. ప్చుం బెన్ పదిహేను రోజులూ తెల్లవారకముందే గుడి చుట్టూ తిరుగుతూ, నువ్వులు కలిపిన అన్నం ముద్దలు విసిరి, పోయినవాళ్ళని పేరుపేరునా పిలుస్తారు. ముద్ద చేరాల్సినవాళ్ళకి చేరుతుంది. ఎప్పుడైనా బతికున్నవాడి పేరు పొరపాటున పిలిస్తే, అది వెళ్ళి వాడి ముంగిట్లో పడుతుంది. ఇదంతా మామూలే. పడ్డవాళ్ళు "ఎవరో నన్ను చంపేశారర్రా" అని నవ్వుకుని దగ్గర్లో ఉన్న గుడికి కబురు చేస్తారు, ఆ గుడివాళ్ళు మిగతా గుళ్ళకి చెబుతారు, ఎక్కడో ఒక జాబితాలో ఒక పేరు కొట్టేస్తారు. యుద్ధం ముగిశాక మొదటి పదేళ్ళలో అలా ముద్దల దారి పట్టుకుని కలుసుకున్న అక్కచెల్లెళ్ళు, తండ్రీకొడుకులు చాలామందే ఉన్నారు. కనిత మేనమామ అయితే ముద్ద చేత్తో పట్టుకునే వచ్చి తలుపు కొట్టాడు. నువ్వులు మాడాయని వాళ్ళమ్మని కేకలు కూడా వేశాడట.

కొలాప్ ఏడు గుళ్ళలో ఐదు పేర్లు పిలుస్తుంది. అమ్మ, నాన్న, ఇద్దరు తమ్ముళ్ళు, సారున్. గుళ్ళు మళ్ళీ తెరిచి ముప్ఫై ఎనిమిదేళ్ళయింది. ఏ గుడి నుంచీ కబురు రాలేదు.

ఆ గురువారం కనిత కొట్టు దగ్గరికి వచ్చింది. చేపల వాసనకి ముక్కు మూసుకోకుండా ఉండటానికి పాపం చాలా కష్టపడింది.

"పెద్దమ్మా, ఈ శనివారం ఒకాయన వస్తున్నారు. మీరు కోప్పడకూడదు."

"కోప్పడకూడదన్నావంటేనే కోప్పడే సంగతన్నమాట. ఎవడు?"

"నేను యిన్ సారున్‌ని అని ఫోన్ చేశారు."

కొలాప్ చేతిలో చేపని తిరగేసి మొప్పలు చూసింది. "మూడోవాడు," అంది.

మొదటివాడు నాలుగేళ్ళ కింద వచ్చాడు. సారున్ చరణాలు నలభై గడగడా అప్పజెప్పాడు. కొలాప్ ఆయన్ని మధ్యలో ఆపి, సారున్ ఒక చరణం రెండోసారి పాడిన పాపాన పోలేదు, నీకింత కంఠతా ఎలా వచ్చిందయ్యా అనేసరికి నీళ్ళు నమిలి దిగిపోయాడు. రెండోవాడు పోయినేడు వచ్చాడు. గొంతు, నవ్వు, నిలబడే తీరు అన్నీ సారున్‌వే. తెలుసు అన్న మాట కొలాప్ నాలుక చివరిదాకా వచ్చింది. చివరికి "నా ముద్దలు నీకు చేరుతున్నాయా" అని అడిగింది. "చేరకేం, నువ్వు పెట్టే పంచదార ఎక్కడికి పోతుంది" అన్నాడు వాడు. కొలాప్ ముద్దలో ఏనాడూ తీపి వెయ్యదు. మొహమ్మీదే పొమ్మంది. ఆ రాత్రి ఏడ్చింది కూడా, కానీ అది ఎవరికీ తెలియదు.

"ఈసారి ఎవరూ ఏమీ నేర్పి పంపినట్టు లేదు పెద్దమ్మా," అంది కనిత. "ఫోన్లో నేనేమీ నిరూపించలేను, కూచుంటాను, అడగండి అన్నారంతే."

"మరీ మంచిది. ఏమీ తెలీనట్టు నటించేవాణ్ణి పట్టుకోవడమే కష్టం."

"ఆయన్ని ఎరిగినవాళ్ళలో మిగిలింది మీరొక్కరే. మీరు తెలియదంటే ఇక ఆయన ఎప్పటికీ కాదు. ఆ సంగతి ఒక్కటి గుర్తుంచుకోండి, చాలు."

ఆ సంగతి గుర్తుంచుకోమని ఆవిడకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

శనివారం హాలు నిండిపోయింది. దెబ్బలాట చూడొచ్చని విద్యార్థులు గోడల వెంట కూడా నిలబడ్డారు. గోడ మీద పోయిన కళాకారుల పేర్ల పట్టిక ఉంది. అందులో సారున్ పేరుంది, ఆ పేరు రాయించింది కొలాపే.

ఆ మనిషి పక్క గుమ్మంలోంచి వచ్చాడు. పొట్టి, బట్టతల, కుడిచెవి కింద నుంచి గొంతు దాకా ముడతపడ్డ పాత గాయం. ఒక చేతిలో టోపీ, ఇంకో చేతిలో తామరాకు పొట్లం. సారున్ పొడుగ్గా ఉండేవాడు, జుట్టు దువ్వితే దువ్వెన విరిగేది. వయసొస్తే మనిషి కుంచించుకుపోతాడు గానీ మరీ ఇంతలానా, అనుకుంది కొలాప్.

"నా పేరు యిన్ సారున్," అన్నాడాయన. మాట గొంతులోంచి కాకుండా గాయంలోంచి వస్తున్నట్టు బొంగురుగా ఉంది. "గురువు ఛుం తాత. బట్టంబాంగ్ దారి ఆయాయ్ బృందం."

పాటగాడి వేషం వేసినవాడికి గొంతు లేకపోవడం ఎంత వీలు! పాడమని ఎవరూ అడగరు. కొలాప్ లేచి నిలబడింది.

"ఎక్కడుంటున్నావయ్యా?"

"పైలిన్‌లో. లాంగన్ పళ్ళ తోటకి కాపలా."

హాల్లో కలకలం లేచింది. పైలిన్ అంటే, దేశమంతా వదిలేశాక కూడా ఆ ముఠావాళ్ళు పట్టు వదలకుండా కూచున్న చోటు. వెనక వరసలో ఒక ముసలాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"బాగానే ఉంది," అంది కొలాప్. "తోటకి కాపలానా, ఇంకా దేనికైనానా?"

"తోటకే. మిగతావాటిని కాచేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. నేను వాళ్ళకి కనపడకుండా ఉండేవాణ్ణి."

"మా గురువు ఏం తాగేవాడు?"

"తాటికల్లు."

"దేశమంతా తాగేది అదే. అది జవాబు కాదు. నా చెవిపోగు ఎక్కడ పోయింది?"

ఆయన నుదురు చిట్లించాడు. "పోయిందా? గుర్తులేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. వచ్చిన ఇద్దరు దొంగలూ ఇలాంటివాటికి టకటకా జవాబులిచ్చారు, అసలు పోనే పోని పోగుని కూడా ఫలానా చోట పోయిందన్నారు. ఈయన గుర్తులేదంటున్నాడు. అది కొలాప్‌కి నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణం, కొంచెం నచ్చడమే. అందుకే ఇంకా గట్టిగా పట్టుకోవాలనుకుంది. ఆయాయ్ పాడినవాడికి పేరు మారొచ్చు, ఊరు మారొచ్చు, గొంతే పోవచ్చు. నాలుక మారదు. ఎదుటి నుంచి చరణం వచ్చిందా, జవాబు దానంతటదే ఎగురుతుంది, తుమ్ము ఆపుకోలేనట్టే. నలభై ఏళ్ళ తర్వాత కొలాప్ నడుం మీద చెయ్యి పెట్టి, హాలు హాలంతా ఉలిక్కిపడేలా రాగం తీసింది.

"తామరాకు పట్టుకుని తగుదునమ్మా అని వచ్చినోడా, తల మీది జుట్టంతా ఏ గట్టున తాకట్టు పెట్టావు?"

జనం గొల్లుమన్నారు. కనిత నోరు తెరిచి ఉండిపోయింది, ఆరేళ్ళుగా బతిమాలినా రాని పాట అది. ఆ మనిషి పెదాలు కదిలాయి. గొంతుముడి పైకి లేచి కిందికి దిగింది. ఒక ఊపిరి, రెండు, మూడు, నాలుగు. జవాబు రాలేదు. ఆయన తల దించుకున్నాడు.

"ఆయాయ్ పాడినవాడు చచ్చినా జవాబు ఇవ్వకుండా ఉండలేడు," అంది కొలాప్ అందరితో. ఆవిడ గొంతులో గెలిచిన సంతోషం లేదు, నీరసం ఉంది. "కనితా, ఇక కట్టెయ్యి."

"ఒక్కటి చూడండి," అన్నాడాయన. తామరాకు విప్పి బల్ల మీద పెట్టాడు. లోపల నువ్వుల ముద్ద. బస్సు ప్రయాణంలో కొంచెం నొక్కుకుపోయింది. "నిన్న తెల్లవారి నా గుడిసె ముందు పడింది."

కొలాప్ దగ్గరికి వెళ్ళి వాసన చూసింది. దోరగా వేగిన నువ్వులు, లేత కొబ్బరి, ఆవిడ చేతి వేళ్ళ గుర్తులు. తనదే. ఆ మాటే చెప్పింది కూడా.

"నాదే. అయితే ఏంటట? గుడి వాకిట్లో నూటొక్క ముద్దలు పడుంటాయి. ఏరుకోవాలంటే పైలిన్ నుంచి రావాలా? ఆ వాకిట్లో కుక్కలు కూడా ఏరుకుంటాయి. వాటిని కూడా సారున్ అనమంటావా?"

"అనక్కర్లేదు."

"బతికున్నవాడికి ముద్ద పడితే గుడికి కబురు చెయ్యాలని పసిపిల్లకి కూడా తెలుసు. ఎన్నేళ్ళ నుంచి పడుతోంది నీకు?"

"నలభై ఒక్క ఏళ్ళు."

కొలాప్ గభాల్న కనిత వైపు తిరిగింది. "రాసుకున్నావా? రాసుకో. నలభై ఒకటట! దొరికాడు చూడు. గుళ్ళు తెరిచి ముప్ఫై ఎనిమిదేళ్ళు. అంతకుముందు ఆ ముఠావాళ్ళు గుళ్ళల్లో పందుల్ని కట్టేశారు. పెద్దలకి మెతుకు విసిరితే తల తీసేవాళ్ళు. మూడేళ్ళు ఎక్కువ చెప్పి దొరికిపోయావయ్యా పెద్దమనిషీ. నేర్పినవాళ్ళకి లెక్కలు రానట్టున్నాయి."

విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ఆ మనిషి వాళ్ళ వైపు చూడలేదు. చప్పట్లు ఆగేదాకా టోపీ అంచు తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"ముద్దలు ముప్ఫై ఎనిమిదేళ్ళే," అన్నాడు. "దానికి ముందు మూడేళ్ళు ముద్దలు కావు, మెతుకులు. మొదటి ఏడు, నన్ను తీసుకెళ్ళిన మూడో రోజున పడ్డాయి. చచ్చాననుకుని పారేసిన వెదురు పొదలోనే పడున్నాను, మెడ కింద పురుగులు పట్టాయి, లేవలేను. ఎండ నెత్తి మీదికి వచ్చిన వేళ నా అరచేతి పక్కన పడ్డాయి. పదకొండు మెతుకులు. ఆకలి మీదున్నవాడు లెక్కపెట్టకుండా తినడు. అలా తొమ్మిది రోజులు, అమావాస్య దాకా."

కొలాప్ పావడా అంచు పిడికిట్లో పట్టుకుంది.

"ఉప్పగా ఉన్నాయి," అన్నాడాయన. "అదే నాకు అర్థం కాలేదు. ఆ ఏడాది గంజిలో ఉప్పుండేది కాదు. ఉప్పు లేక మనుషుల కాళ్ళు వాచిపోయేవి. ఆ మెతుకులకి మాత్రం ఒక్కోదానికీ ఉప్పు అద్ది ఉంది."

కొలాప్ దగ్గర్లో ఉన్న కుర్చీ పట్టుకుని కూచుంది. అది ఎవరి కుర్చీయో చూసుకోలేదు.

నిజమే, ఆవిడ దగ్గర ఉప్పుండేది. కుంకుడుగింజంత గడ్డ, పావడా అంచులో కుట్టేసుకుంది. మధ్యాహ్నం గంజి పోసేటప్పుడు అడుగున మిగిలే మెతుకులు ఏరి, అంచు మీద వేలు రాసి, ఉప్పు అద్ది, చెమట తుడుచుకున్నట్టు చెయ్యి వెనక్కి తిప్పి పొలం నీళ్ళలోకి విసిరేది. పెదాలు కదపకుండా ఒక్క పేరు పిలిచేది. పక్కనే పడుకునే అమ్మకి కూడా చెప్పలేదు. అమ్మ కాళ్ళు వాచి, "కాస్త ఉప్పు నాకితే బావుణ్ణే" అని అడిగితే, ఎక్కడుందమ్మా అంది. ఆ నెల దాటాక అమ్మ పోయింది. ఈ మాట కొలాప్ మొగుడికి చెప్పలేదు, పిల్లలకి చెప్పలేదు, భిక్షువుకి చెప్పలేదు. ఈ భూమ్మీద ఆ ఉప్పు సంగతి తెలిసింది ఇద్దరికే. పెట్టినదానికి, తిన్నవాడికి.

"సచ్చినోడా," అంది కొలాప్ మెల్లగా. తర్వాత మెల్లగా కాదు. "సచ్చినోడా! నలభై ఏళ్ళుగా నా అన్నం తింటూ కూచున్నావా! ఒక్క కబురు చెయ్యడానికి చేతులు పడిపోయాయా నీకు?"

"చెయ్యలేదు."

"ఏం? ఎందుకని?"

సారున్ మొదటిసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు. "నిన్ను అనుమానించాను."

కొలాప్ కుర్చీలోంచి సగం లేచింది.

"ఆ చెయ్యి నీదేనని మొదటి రోజే తెలుసు. ఇంకెవరు పెడతారు నాకు? అడవిలో పడుకుని అదే ఆలోచించాను. నేను పోయానని ఈ మనిషికి అంత గట్టిగా ఎలా తెలుసు? ఎవరైనా ఒక నెల ఎదురుచూస్తారు, ఒక ఏడాది ఎదురుచూస్తారు. మూడో రోజుకే పిండం పెట్టిందంటే, నన్ను పట్టించింది తనే అయి ఉండాలి. ఇద్దరం దొరికాం, నన్ను కట్టారు, నిన్ను వదిలేశారు. ఊరికే వదుల్తారా? నన్ను అమ్మి బతికింది, ఆ పాపం కడుక్కోడానికి పెడుతోంది, అనుకున్నాను. అనుకుంటూనే తిన్నాను. తినకపోతే చచ్చేవాణ్ణి. తర్వాత చచ్చే అవసరం లేకపోయినా తిన్నాను. ఏటేటా తింటూ, ఏటేటా నిన్ను తిట్టుకునేవాణ్ణి."

"మరి ఇప్పుడెందుకొచ్చావు?"

"పోయినేడు తోట యజమాని కొడుకు ఫోన్లో మీ సభ చూస్తున్నాడు. నా పేరు చెప్పుకున్న ఒకణ్ణి నువ్వు నిలబెట్టి కడిగేశావు. నన్ను అమ్ముకున్నదైతే నా పేరుని ఇంతలా ఎందుకు కాపలా కాస్తుందని మళ్ళీ అనుమానం వచ్చింది. ఏడాదంతా నిద్రపట్టలేదు. అడిగి పోదామని వచ్చాను. చెప్పు. మూడో రోజుకే ఎలా తెలుసు నీకు?"

కొలాప్ కండువాతో మొహం తుడుచుకుంది. చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోవచ్చు. తెలియదు అని ఒక్క మాట అంటే ఈ హాలంతా నమ్ముతుంది, ఆవిడ మాటకి అంత విలువుంది. అది ఆవిడకి తెలుసు, భయం కూడా వేసింది.

"చొక్కాలు," అంది. "నిన్ను కట్టిన మర్నాడు పొద్దున్న నిన్నూ ఇంకో ఐదుగురినీ తీసుకెళ్ళారు. సాయంత్రం మీ ఆరు చొక్కాలు తెచ్చి మాకు పంచారు. నీది నా వంతుకొచ్చింది. రెండో బొత్తాం నేను కుట్టిందే. ఇంక తెలియడానికి ఏముంది?"

సారున్ చెయ్యి దానంతటదే రొమ్ము మీదికి పోయింది, అక్కడ బొత్తాం ఉందో లేదో చూసుకున్నట్టు.

"ఇంకోటుంది," అంది కొలాప్. "అందరూ వినండి, దాచుకుని ఏం చేసుకోను. నాట్ల చివర్లో వాన పడుతోంది. ఈయన నాట్లేస్తూ తనలో తను గొణిగాడు. వంచిన నడుం ఎత్తనీవా, వానా అని. మనం చేపలమ్ముకునేవాళ్ళమని చెప్పుకుని బతుకుతున్నాం, పాటగాళ్ళమని తెలిస్తే ఆ పూటే ఆఖరు. నాకు తెలుసు. తెలిసీ నా నాలుక ఊరుకోలేదు. వంకర వరస నాటినోడివి, ఎత్తి ఏం చూస్తావు అనేశాను, రాగంతో సహా. గట్టు మీద ముఠా పెద్ద నిలబడున్నాడు. ఇద్దరినీ లాగాడు. వీడు నీకు తెలుసా అని నన్నడిగాడు."

ఆవిడ కండువా కొస మెలిపెట్టింది.

"తెలియదన్నాను. నేను చేపలమ్ముకునేదాన్ని, వీడెవడో నాకు తెలియదు, పిచ్చివాగుడు వాగితే తిట్టానంతే, అన్నాను. వాడు నవ్వి నన్ను పొమ్మన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు, గాలివానలో నీకు వినపడలేదేమో. నిన్ను నేను అమ్మలేదు. కానీ నిన్ను ఎరగనన్నాను."

"అంతేనా?" అన్నాడు సారున్.

"అంతే."

"నేను కూడా అదే చెప్పాను కదే వాడికి. ఆవిడెవరో తెలియదు, ఊరికే తిప్పి అన్నదన్నాను. ఇద్దరం ఒకే మాట అనబట్టే నువ్వు మిగిలావు." ఆయన బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూచున్నాడు. "అంతేనా. నలభై ఏళ్ళు ఆ అన్నంలో ఇంకేదో ఉందనుకుని తిన్నాను."

కొలాప్‌కి ఏడుపొచ్చింది, పోయినేడులా చాటుగా కాదు. ఎదురుగా అరవై మంది ఉన్నారని కూడా చూసుకోలేదు. ఏడుస్తూనే అడిగింది. "మరి ఇందాక చరణం విసిరితే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం?"

"జవాబొచ్చింది. మింగేశాను. అలవాటు కొద్దీ జవాబిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాం కదా. అప్పటినుంచీ వచ్చినవన్నీ మింగుతూనే ఉన్నాను."

కనిత కళ్ళు తుడుచుకుని మైకు తీసుకుంది. పద్ధతి పద్ధతే కదా, అడగక తప్పదు. "పెద్దమ్మా, రికార్డవుతోంది. మీరు లేచి చెప్పాలి." మైకు కొలాప్ ముందు పెట్టింది. "ఈయన మీకు తెలుసా?"

ఆ ప్రశ్న కొలాప్ ఆరేళ్ళుగా ప్రతి శనివారం వింటూనే ఉంది. అది వినడానికే వస్తోందని ఎవరికీ తెలియదు. మోకాళ్ళు పట్టుకుని లేచింది. రవిక సర్దుకుంది.

"తెలుసు," అంది. హాలు చివరిదాకా వినపడాలని మళ్ళీ అంది. "తెలుసు. యిన్ సారున్. ఛుం తాత శిష్యుడు. నా జోడీ."

గోడ మీది పట్టికలో కనిత ఆ పేరు మీద గీత గీసింది. కొలాప్ ఆ సాయంత్రమే ఏడు గుళ్ళకీ ఫోన్లు చేయించి పేరు కొట్టేయించింది. మొత్తం ఏడు చోట్లా కొట్టేశారో లేదోనని, అనుమానం కొద్దీ, ఒక్కో గుడికి రెండేసిసార్లు చేయించింది.

మర్నాడు తెల్లవారి పైలిన్ లాంగన్ తోటలో గుడిసె ముందు ముద్ద పడలేదు. తీసుకోడానికి అక్కడ మనిషి కూడా లేడు. సారున్ ఒరుస్సే బజారు వెనక సందులో నేల మీద కూచుని, చేపల కూరలో ఉప్పు ఎక్కువైందని కొలాప్‌తో దెబ్బలాడుతున్నాడు.